గొడ్ల తిప్ప లేచిన ఏడాది

పోయిన నెల మా తమ్ముడి కోడలు ఫోన్‌లో ఒక ఫోటో పంపింది. సదుం దగ్గర మా ఊరి చెరువు ఎన్నో ఏళ్ల తర్వాత నిండిందని, మరవ మీదుగా, అంటే అలుగు మీదుగా, నీళ్లు పొర్లిపోతున్నాయని రెండు రోజుల ముందే విన్నాను కాబట్టి ఆ నీళ్ల ఫోటోనే అయివుంటుందనుకుని, కళ్లద్దాలు చీర చెంగుతో తుడుచుకుని మరీ చూశాను. అందులో నీళ్లు వెనకాల ఎక్కడో ఉన్నాయి. ముందర ఉన్నది కట్ట మీద కొత్తగా పాతిన రంగుల బోర్డు. చెరువులో పడవ షికారు పెట్టబోతున్నారట. బోర్డు మీద చెరువు బొమ్మ గీసి, నడుమ ఉన్న నాలుగు తిప్పలకు, అంటే నీళ్ల మధ్య దీవుల్లా నిలబడే మిట్టలకు, ఒకటో ఐలాండ్, రెండో ఐలాండ్ అని నెంబర్లిచ్చి, ఒకదాని పక్కన సెల్ఫీ పాయింట్ అనీ, ఇంకొకదాని పక్కన సన్‌సెట్ పాయింట్ అనీ రాశారు. చెరువు నిండితే ఆ నాలుగింటిలో మూడు మునిగిపోతాయన్న సంగతి కూడా తెలియని మహానుభావులెవరో ఆ బొమ్మ గీశారు. వాళ్లు చెప్పిన చోట సెల్ఫీ తీసుకోవాలంటే ఈ ఏడాది మొసలి అయి పుట్టాలి.

నాకు డెబ్బై దాటింది. మదనపల్లెలో రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను, మోకాళ్లు మాట వినవు, కోపం మాత్రం ఇరవై రెండేళ్ల వయసులో ఎంతుందో ఇప్పటికీ అంతే ఉంది. వాటికి పేర్లున్నాయని వెంటనే ఫోన్‌లోనే మాట చెప్పి పంపాను. "ఉంటే ఉండనీ అత్తా, ఇప్పుడు ఆ పేర్లు ఎవురికి తెలుసు?" అని తమ్ముడి కోడలు జవాబు పంపింది. మంచి పిల్ల, తప్పుగా ఏమీ అనలేదు. కానీ నాకు తెలుసు. నాకు తెలిసినంత కాలం ఎవరికీ తెలియదని అనడానికి వీల్లేదు. ఆ పేర్ల కోసం నేను ఇల్లు పోగొట్టుకున్నాను, ఉద్యోగం దాదాపు పోగొట్టుకున్నాను. బోర్డు మీద రంగు ఆరక ముందే ఆ సంగతి రాసిపెట్టాలని ఈ కాగితాలు ముందు వేసుకున్నాను.

నా ఈడువాళ్లకు చెరువు కింద బతుకు ఎలా ఉండేదో విడమరిచి చెప్పక్కర్లేదు. బోర్లు లేని రోజులు. వాన పడితే చెరువు, చెరువు నిండితే మడి, మడి పండితే అన్నం. లేకపోతే రాగి సంగటి, అది కూడా లేకపోతే చింతాకు. కొండలకూ కోటలకూ పేర్లెలా వచ్చాయో చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. గుర్రంకొండ అంటే కోటను కాపలా కాసిన గుర్రం కథ మొదలుపెట్టని ముసలివాడు ఆ చుట్టుపక్కల ఉండడు. చెరువులో తిప్పల గురించి మాత్రం ఎవరూ కథ చెప్పరు, ఎందుకంటే వాటి పేర్లు కథలు కావు, కట్టుబాట్లు. మా చెరువులో అన్నిటికంటే ఎత్తైనది అక్కదేవతల తిప్ప. ఎంత వరదొచ్చినా మునగదు, ఏడు రాళ్లు నాటి పసుపు పూసి ఉంటాయి. రెండోది నారు తిప్ప. దాని మీద ఎవరూ ఏనాడూ నారు పోయలేదు. పుష్యమాసం నాటికి అది నీళ్లలోనే ఉంటే రెండో పంటకు నారు పోసుకోవచ్చు, తల బయటపెట్టిందంటే ఆ ఏడు రెండో పంట ఆశ వదులుకోవాలి. మూడోది వంతుల తిప్ప. అది లేచిందంటే ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు నీళ్లు మలుపుకోవడం బంద్, అక్కడి నుంచి వంతు ప్రకారమే, అదీ కట్టకు దూరంగా ఉన్న చివరి మడి నుంచి మొదలుపెట్టి. నాలుగోది అన్నిటికంటే కిందిది, గొడ్ల తిప్ప. అది లేచిన రోజు తూము మూసెయ్యాలి. మిగిలిన నీళ్లు గొడ్లవి. మనిషి పంట ఎండినా సరే, వాటి జోలికి పోకూడదు.

ఈ కట్టుబాటు నడిపించేవాడు నీరుగంటి. తూము తియ్యడం, మూయడం, ఎవరి మడికి ఎంత సేపో చూడడం ఆయన పని, ఆయన తండ్రి పని, తాత పని. మా కాలంలో ఉన్నాయన అప్పటికే ముసలివాడు, ఒక కన్నులో పువ్వు పడింది. మా ఇళ్లలో పాలుతాగే పిల్లలు కూడా ఆయన్ని పేరుపెట్టి నువ్వు, రా, పో అనేవాళ్లు. నేను తాత అని పిలిచినందుకు మా నాయనమ్మ చేతి మొట్టికాయలు చాలానే తిన్నాను, అయినా మానలేదు. గొడ్ల తిప్ప లేచిన రోజు నీరుగంటి తాత తెల్లవారుజామునే నీళ్లలో దానిదాకా ఈదిపోయి, తిప్ప తల మీది నుంచి పిడికెడు తడిమట్టి తీసుకుని, ఊళ్లోకి వచ్చి రచ్చబండ మీద పెట్టేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. ఆ మట్టి చూసిన తర్వాత ఎంతటి ఆసామి అయినా నీళ్లడగడానికి వీల్లేదు. ఆ రచ్చబండ మీద ఆయన కూర్చోవడానికి వీల్లేదు కానీ, ఆయన తెచ్చిన మట్టి కూర్చునేది. చిన్నప్పుడు నాకిది వింతగా అనిపించలేదు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

మా చిన్నతనంలోనే మా నాన్న పోతే మమ్మల్ని పెంచింది మా పెదనాన్న. ఆయన్ని గురించి చెడ్డగా రాస్తే నా చెయ్యి పడిపోతుంది. ఆడపిల్లకు చదువెందుకని నాయనమ్మ గోల పెడుతున్నా నన్ను పుంగనూరులో పదో తరగతిదాకా చదివించి, గీతలు బాగా గీస్తానని తెలిసి డ్రాయింగు పరీక్ష కట్టించి, మదనపల్లెలో ఒక ఆఫీసులో ట్రేసరు ఉద్యోగం వచ్చేదాకా వెంట తిరిగింది ఆయనే. ట్రేసరంటే పటాలకు నకళ్లు తీసే మనిషి. సర్వే చేసినవాళ్లు పెన్సిలుతో గీసుకొచ్చిన దాని మీద పల్చని మైనపు గుడ్డ పరిచి, నల్లసిరాతో గీత తప్పకుండా దిద్దాలి, పేర్లు అచ్చులా రాయాలి. తప్పు పడితే బ్లేడుతో మెల్లగా గీకి, ఆ చోట నున్నగా రుద్ది మళ్లీ రాయాలి. నా గీత బాగుంటుందని ఆఫీసులో పేరు తెచ్చుకున్నాను, ఆ గర్వం ఇప్పటికీ పోలేదు.

ఉద్యోగంలో చేరిన రెండో వేసవిలో మా ఊరి చెరువు కొలవడానికి మనుషులు వెళ్తుంటే, ఊరు తెలిసినదాన్నని నన్ను కూడా పంపారు. చెరువు పూర్తిగా ఎండిపోయి, మట్టి నెర్రెలు విచ్చి ఉంది. ఎండిన చెరువులో తిప్పలనేవి ఉండవు. ఎక్కడ చూసినా మిట్టలే, చిన్నవీ పెద్దవీ కలిపి డజను దాకా ఉన్నాయి. వాటిలో నాలుగింటిని పేర్లతో గుర్తుపట్టడం నాకేం కష్టమనుకుని, చూడ్డానికి ఎత్తుగా ఉన్నది వంతుల తిప్ప, పొట్టిగా ఉన్నది గొడ్ల తిప్ప అని పెన్సిలుతో చకచకా రాసేశాను. నీరుగంటి తాత కట్ట దిగి వచ్చి, పైగుడ్డ నెత్తిన వేసుకుని, నేనేం రాశానో చదివి చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వాడు.

"నువ్వు కిందనుంచి సూస్తాండావు మ్మా," అన్నాడు, "నీళ్లు పైనుంచి సూస్తాయి. పాదం యాడుండాదో నీళ్లకేం పని, తల యాడుండాదో సూడు."

నా తప్పు అప్పుడు తెలిసింది. గొడ్ల తిప్ప చెరువులో అన్నిటికంటే పల్లపు చోట నిలబడి ఉంది. దాని పక్కన నిలబడితే ఆకాశమంత కనబడుతుంది గానీ, దాని తల మట్టానికి వంతుల తిప్ప తల కంటే కింద ఉంటుంది. చెరువు కింద పుట్టి పెరిగి, ఎప్పుడూ నీళ్లున్నప్పుడే తిప్పల్ని చూసినదాన్ని, ఎండిన చెరువులో దిగేసరికి ఉన్న తెలివి కూడా పోయింది. లెవెల్ మిషన్ పెట్టి చూసినవాళ్లు తాత చెప్పిందే నిజమని తేల్చారు. ఆ రోజు సాయంత్రందాకా తాత, నేను ఆ నెర్రెల్లో నడిచాం. ఆయన చెప్పులు లేని కాళ్లతో మట్టిని తడుముతూ ఒక్కో తిప్ప చుట్టూ తిరిగి, ఏది లేస్తే ఏం చెయ్యాలో చెప్పాడు, నేను రాసుకున్నాను. ఆ మాటలన్నీ ఆయన ఊరికే చెప్పలేదు. "నాకు కొడుకు లేడు మ్మా, నీ కాగితం నాకు కొడుకు," అన్నాడు.

ఆ ఏడు వానలు సగమే పడ్డాయి. చెరువు నారు తిప్ప దగ్గరిదాకా కూడా రాలేదు. అయినా మా పెదనాన్న తూము కింది మడిలో చెరుకు నాటించాడు. ఆయన మడి అంతా కట్ట పక్కనే, తూము తీస్తే మొదట తడిసేది అదే. పెద్దపంజాణి వైపు బెల్లానికి మంచి గిరాకీ ఉందని, మాఘమాసంలో తప్పకుండా ఒక వాన పడుతుందని ఆయన ధైర్యం. మాఘం వచ్చింది గానీ వాన రాలేదు. ఒక తెల్లవారుజామున నీరుగంటి తాత తడిమట్టి తెచ్చి రచ్చబండ మీద పెట్టాడు. చెరువు అవతల దిగువపల్లె ఉంది. ఆ పల్లెకు వేరే నీళ్లు లేవు, బావులు కూడా చెరువులో నీళ్లుంటేనే ఊరతాయి, అరవై డెబ్బై ఇళ్ల గొడ్లు వేసవంతా ఆ మిగిలిన నీళ్ల మీదే బతకాలి. మా పెదనాన్న ఆ మట్టి చూసి కూడా తూము మూయనివ్వలేదు. ఇంకో పది తడులిస్తే చెరుకు నిలబడుతుంది, పది తడులకు గొడ్లు చావవు అన్నాడు. తాత ఎదురు చెప్పబోతే, ఆ కట్టుబాటు ఏ రికార్డులో ఉందో చూపించమన్నాడు. దిగువపల్లె వాళ్లు పై అధికారులకు అర్జీ పెట్టుకున్నారు. వచ్చే వారం ఒక అధికారి కట్ట మీదికొచ్చి విచారిస్తాడని, చెరువు పటం పంపమని మా ఆఫీసుకు కబురొచ్చింది.

ఆ పటం అప్పుడు నా బల్ల మీదే ఉంది. నాలుగు తిప్పల పేర్లు రాసి, అంచున చిన్న అక్షరాలతో ఏ పేరు ఏం చెబుతుందో, ఎవరు చెప్పారో కూడా దిద్దాను. మా పై ఆఫీసరు చూసి ముఖం చిట్లించాడు. పటమంటే కొలతలు గానీ పాటలు కాదని, ఆ రాతలన్నీ గీకేసి దిబ్బ ఒకటి, దిబ్బ రెండు అని నెంబర్లు వెయ్యమని బ్లేడు తీసి నా చేతికిచ్చాడు. ఆయన చెడ్డవాడేం కాదు, ఆ పద్ధతిలోనే నేర్చుకున్న మనిషి. రేపు చేస్తానని బల్ల దగ్గరికి వచ్చాను. అదే సాయంత్రం నా గది ముందు మా పెదనాన్న కూర్చుని ఉన్నాడు, పక్కన కొత్త వేరుశనక్కాయల సంచి.

ఆయన నాతో అంత మెల్లగా మాట్లాడ్డం ఎప్పుడూ ఎరగను. మీ ఆఫీసరే నెంబర్లు సాలంటున్నాడంట గదా అన్నాడు. అదెవరు చెప్పారో నాకు తెలియదు. "నిన్ను అబద్దం రాయమని నేను అడగలేదు పాపా. ఊరికే గీకెయ్, సాలు. చెరుకు పోతే ఇంట్లో పెళ్లికి ఎదిగిన ఆడపిల్లలు ముగ్గురుండారు, ఒకటి నువ్వే. ఆలోసించుకో," అన్నాడు. నేను ఆయనకు సంగటి చేసి పెట్టాను, ఆయన తిని బస్సెక్కాడు. పేరు గీకెయ్యడం అబద్దం రాయడం కాదన్న ఆయన మాట ఎంత ఆలోచించినా నాకు కొరుకుడు పడలేదు. పేరుంటే ఆగాలి, నెంబరుంటే ఎక్కడా ఆగక్కర్లేదు. రెండో దిబ్బ లేచిందని చెప్పి ఎవడి తూము మూయిస్తాం? నెంబరుకు దాహం ఏముంటుంది?

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మా ఇంట్లో నన్ను వెక్కిరించేవాళ్లు. అనుకోనీ అనుకున్నాను. మర్నాడు పొద్దున ఆఫీసు తెరవగానే ఆ బ్లేడు తీసుకెళ్లి మా ఆఫీసరు బల్ల మీద పెట్టి, గీకనని చెప్పాను. కావాలంటే ఆయనే గీకొచ్చునని, అప్పుడు కింద నా సంతకం కూడా గీకెయ్యాలని అన్నాను. ఆయన నా వైపు చూడకుండా బ్లేడు తీసి సొరుగులో పడేశాడు. మళ్లీ గీయించడానికి వ్యవధి లేదు కాబట్టి, నా పూచీ మీదనే అని కాగితం రాయించుకుని పటం పోనిచ్చాడు. పటం పట్టుకుని విచారణకు వెళ్లవలసింది కూడా నేనే అన్నాడు. అది శిక్ష అనుకుని ఇచ్చాడు. నాకు మాత్రం అంతకంటే కావలసింది లేదు.

కట్ట మీద ఆ రోజు మా ఊరంతా ఒక పక్క, దిగువపల్లె అంతా ఒక పక్క. ఎండ చురుక్కుమంటోంది. గొడ్ల తిప్ప నీళ్లలోంచి మూరెడు ఎత్తున స్పష్టంగా కనబడుతోంది. వచ్చిన అధికారి ఆ తిప్పను చూపించి దాని పేరేమిటని ఊరివాళ్లను అడిగాడు. నాకు బాగా గుర్తు, ఒక్కరూ నోరు తెరవలేదు. పుట్టినప్పటి నుంచి ఆ పేరు పలికిన నోళ్లు, పిల్లల్ని ఆ పేరుతో బెదిరించిన నోళ్లు అన్నీ మూసుకున్నాయి, ఎందుకంటే మా పెదనాన్న ముందర నిలబడి ఉన్నాడు. చివరికి ఆయనే చెప్పాడు. "దానికి పేరేముండాది సార్, మిట్ట, అంతే." ఆయన అబద్దం చెప్పడం నేను చూడడం అదే మొదలు, అదే కడపటిసారి కూడా.

అధికారి పటం విప్పాడు. పేరు చదివాడు, అంచున ఉన్న రాత చదివాడు, ఇది ఎవరు చెప్పారని నన్నడిగాడు. కట్ట కింద దూరంగా నిలబడిన నీరుగంటి తాతను చూపించాను. ఆయన్ని పైకి రమ్మన్నారు. రావడానికి తటపటాయిస్తుంటే నేను దిగి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఊరంతా చూస్తుండగానే తీసుకొచ్చాను. ఇప్పుడున్న నీళ్లు గొడ్లకు ఎన్నాళ్లు వస్తాయని అధికారి అడిగితే, తూము ఇయాళ మూస్తే మృగశిర కార్తె దాకా వస్తాయని, పది తడులిస్తే ఉగాది దాటిన నెలకే బురద మిగులుతుందని తాత చెప్పాడు. పటంలో మట్టాలు రాసి ఉన్నాయి. వాటితో అధికారి వెంట వచ్చినాయన లెక్క కట్టాడు. ఆయన లెక్కా, తాత నోటి లెక్కా వారం రోజుల తేడాతో కలిశాయి. అప్పుడు దిగువపల్లె నుంచి ఒకామె, చంకన బిడ్డతో, ఇది మా గొడ్ల తిప్పే సారూ అని గట్టిగా అంది. ఆ తర్వాత మా ఊరివైపు నుంచి కూడా ఒకరొకరుగా అనడం మొదలుపెట్టారు. తూము మూయమని అక్కడే నిలబడి రాసిచ్చారు.

అందరూ దిగిపోతుండగా మా పెదనాన్న నా దగ్గరికొచ్చి, నా చేతిలో ఇంకా విప్పి ఉన్న పటాన్ని కాసేపు చూశాడు. "దస్తూరి బాగుండాది పాపా," అన్నాడు. అంతే, పైగుడ్డ దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ మాట తర్వాత నాతో ఆయన మాట్లాడింది పదకొండేళ్లకు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టినదాన్నని మా నాయనమ్మ గడప లోపలికి రానివ్వలేదు. మా అమ్మ దొడ్డిదారిన వచ్చి నన్ను కావలించుకుని ఏడ్చింది గానీ, ఉండమని అనలేకపోయింది. తిరిగిపోతూ మడి గట్టు మీద ఆగాను. చెరుకు ఆకు అంచులు అప్పటికే ఎండడం మొదలైంది. ఆ మడి పంట తినే నేను చదువుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, గట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. తప్పు చేశానని మాత్రం కాదు. ఆ వేసవిలో చెరుకు సగానికి పైగా ఎండింది, దిగువపల్లెలో దాహానికి ఒక్క గొడ్డు చావలేదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి ఎన్నోసార్లు చూసుకున్నాను. మళ్లీ ఆ బ్లేడు చేతికిచ్చినా మళ్లీ అదే బల్ల మీద పెడతాను.

రెండు నెలలు తిరగకుండా నన్ను కుప్పానికి బదిలీ చేశారు. ఎందుకో కాగితంలో రాయలేదు, నేనూ అడగలేదు. పుంగనూరు మీదుగా, పలమనేరు మీదుగా ఒక ట్రంకు పెట్టెతో బస్సులు మారుతూ పోతుంటే ఇదే కడలేని ప్రయాణమనిపించింది. అక్కడ తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే సంతలో కలిసి బేరమాడతాయి. ఒక రోజు పని మీద పోయిన చోట చెరువు కట్టపై మేకలు కాస్తున్న ఒక అవ్వను, నడుమ కనబడే మిట్టకు పేరేమైనా ఉందా అని అడిగాను. "మాట్టుమేడు" అంది. మాడు అంటే గొడ్డు, మేడు అంటే మిట్ట. అది కనబడితే ఏం చేస్తారని అడిగాను. ఆ మాత్రం తెలియదా అన్నట్టు నన్ను ఎగాదిగా చూసి, "మదుగు మూస్తారు, ఇంకేం సేస్తారు" అంది. మదుగంటే వాళ్ల వైపు తూము. ఆ తర్వాత నాలుగేళ్లలో, కన్నడం మాట్లాడే పల్లెల్లో దనదిన్నె, అంటే గొడ్ల దిన్నె, అన్న పేరు రెండు చెరువుల్లో విన్నాను. అక్కడా అదే కట్టుబాటు. మూడు భాషలవాళ్లు ఒకళ్లనొకళ్లు అడక్కుండానే అన్నిటికంటే కిందున్న తిప్పను గొడ్లకు రాసిచ్చారు. నన్ను శిక్షించడానికి పంపిన చోటే నా మాటకు సాక్ష్యం దొరికింది. ఆ పేర్లన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను, ఏ చెరువు, ఏ తిప్ప, ఎవరు చెప్పారు అన్నదంతా.

నాకు పెళ్లి మా మేనమామ ఇంటి నుంచి జరిగింది. పెదనాన్న రాలేదు. కానీ మా తమ్ముడు ఒక సంగతి చెప్పేవాడు. ఆ తర్వాతి ఏళ్లలో గొడ్ల తిప్ప మళ్లీ రెండుసార్లు లేచిందట. తాత మట్టి తెచ్చి పెట్టగానే అందరికంటే ముందు లేచి పోయి తన కాలువకు అడ్డం వేసుకున్నది మా పెదనాన్నేనట. రెండోసారి, తాత నిలబడి ఉండగా, ఆయన రచ్చబండ మీద జరిగి పక్కన చోటు చూపించాడట. తాత కూర్చోలేదట. నువ్వు చేసింది మంచిదని మా పెదనాన్న నాతో ఎన్నడూ అనలేదు. పదకొండేళ్ల తర్వాత మాట కలిపినప్పుడు కూడా బస్సుకు టైమవుతోంది, తిని పో అన్నాడంతే. నాకది చాలు.

పోయిన వారం ఊరికెళ్లి, తమ్ముడి కోడలి భుజం పట్టుకుని కట్టెక్కాను. నిండిన చెరువులో అక్కదేవతల తిప్ప ఒక్కటే ఉంది. మిగతా మూడూ ఎక్కడెక్కడ మునిగి ఉన్నాయో వేలుపెట్టి చూపించి, పేర్లు చెప్పాను. ఆ పిల్ల శ్రద్ధగా వింది, ఫోన్‌లో పటం మీద పేర్లు టైపు చేసింది కూడా. అవి అందులో నిలుస్తాయో, ఎవరో గీకేస్తారో నాకు తెలియదు. కానీ కట్ట దిగుతూ తూము వైపు చూశాక నా కోపం ఎవరి మీద చూపించాలో అర్థం కాలేదు. తూముకు తుప్పు పట్టి చాలా ఏళ్లయింది, దాన్ని తీసేవాళ్లు లేరు, మూసేవాళ్లు లేరు. నీరుగంటి తాత పోయాక ఆ పని ఎవరికీ ఇవ్వలేదు. ఎవరి మడికి వాళ్ల బోరుంది, చెరువు నిండినా ఎండినా టమాటాలు ఆగవు. పేరు మార్చినవాళ్ల మీద ఇన్నాళ్లూ కత్తి నూరాను. పేరు పలికినా పలకకపోయినా ఆ పేరు మాట వినేవాళ్లే లేరని అక్కడ తెలిసింది.

అయినా నేను పలకడం మానను. నా నోరు ఉన్నంతకాలం అది గొడ్ల తిప్పే. మా తమ్ముడు మొన్న వేసవిలో మా పెదనాన్న మడిలోనే కొత్త బోరు వేయించాడు. ఆ రోజు నేనూ అక్కడే, మామిడిచెట్టు నీడన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎనిమిది వందల అడుగులు దాటింది, వెయ్యి దాటింది, తెల్లటి రాతిపిండి తప్ప తడి రాలేదు. ఎందాకా పోతార్రా అని అడిగితే, పడేదాకా అక్కా అన్నాడు మా తమ్ముడు, యంత్రం మోతలో చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని. వాడిని తప్పుపట్టలేను, వాడికీ పిల్లలున్నారు. భూమిలోకి ఒక్కొక్కటిగా దిగిపోతున్న ఆ గొట్టాలనే చూస్తూ కూర్చున్నాను. అంత లోతున, ఇక్కడితో చాలు, మిగతావి గొడ్లకని తలెత్తి చెప్పే తిప్ప ఒక్కటీ లేదు.